బడిలో పంతులమ్మ, ఇంటిలో అమ్మ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని కాలధర్మం చెందినప్పుడు ఇంటిముందు షామియానా వేసి, ఆమె చిత్రపటానికి పూలదండ అలంకరించి, పూర్వ విద్యార్థులు నాలుగు మాటలు చెప్పడం పరిపాటి. ఆ వక్తలలో తలలు నెరసినవారు ఉంటారు. నిన్న మొన్న కాలేజీలో చేరినవారు ఉంటారు. ఒకరు ఆమె నేర్పిన ఎక్కాలను తలచుకుంటారు. ఒకరు ఆమె చేతిబెత్తాన్ని తలచుకొని నవ్వుతారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటారు. అందరి ప్రసంగాలలోను రెండు బిరుదులు మాత్రం జంటగా వినిపిస్తాయి: ఆదర్శ ఉపాధ్యాయిని, ఆదర్శ మాత. ఒకటి ఉన్నచోట రెండవది తనంతట తానే వచ్చి కూర్చుండునన్నట్లు, ఆ రెండు మాటలు ఒకే ఊపిరిలో వెలువడుతాయి.

ఆ బిరుదులలో అసత్యమేమీ లేదు. ఆమె శ్రద్ధగా చదువు చెప్పినది. తన బిడ్డలను పెంచి పెద్దచేసినది. అయితే ఈ రెండు పనులును ఒకే దినంలో, ఒకే దేహంతో జరగవలసి వచ్చినవి. బడికి ఇచ్చిన ప్రతి గంట ఇంటినుండి తీసినదే. ఇంటికి తిరిగి ఇచ్చిన ప్రతి గంట నిద్రలోనుండి తీసినదే. ఆ లోటును ఎవరు పూడ్చినారు, ఎవరు భరించినారు అన్న ప్రశ్న వేయకుండా ఆమెను స్మరించడం సగం స్మరణమే అగును.

రెండు పనులు పొసగవన్న కాలం

ఉపాధ్యాయినియు తల్లియు ఒకే స్త్రీ కావచ్చునన్నది నేడు సహజంగా తోచును. కాని ఇది లోకం సులభంగా అంగీకరించిన సంగతి కాదు. ఇంగ్లండులో చాలాకాలం వరకు, పెండ్లి చేసుకున్న ఉపాధ్యాయిని ఉద్యోగం వదలుకోవలెనని అనేక స్థానిక విద్యాసంఘాలు నియమం పెట్టుకొని ఉండేవి. లండన్ కౌంటీ కౌన్సిలు ఆ నియమాన్ని 1935లో రద్దు చేసినది. దేశమంతటా ఉపాధ్యాయినుల విషయంలో అది తొలగిపోవడానికి 1944 నాటి విద్యాచట్టం కావలసి వచ్చినది. ఐర్లండులో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయినులకు 1958 వరకు విముక్తి లేదు. మన దేశంలో బడిపంతులమ్మలకు ఇట్టి నిషేధం లేకపోయినను, విదేశాంగశాఖలో ఉద్యోగిని వివాహమాడవలెనంటే ప్రభుత్వపు అనుమతి పొందవలెనన్న నియమం ఉండేది. సి. బి. ముత్తమ్మగారు సుప్రీంకోర్టుకు వెళ్ళి ప్రశ్నించినప్పుడు, 1979లో న్యాయమూర్తి కృష్ణయ్యర్ ఆ నియమాలను తీవ్రంగా గర్హించినారు.

లండను నగరంలో ఆ నియమం రద్దయిన 1935వ సంవత్సరంలోనే, మానేటి తీరాన ఉన్న సిరిసిల్లలో ఒక సభ జరిగినది. అది నిజాం రాష్ట్రంలోని నాలుగవ ఆంధ్ర మహాసభ. మాడపాటి హనుమంతరావుగారు అధ్యక్షత వహించినారు. దానితోపాటు జరిగిన ఆంధ్ర మహిళాసభకు మాడపాటి మాణిక్యమ్మగారు అధ్యక్షురాలు. నేతమగ్గాల ఊరిలో స్త్రీలు ప్రత్యేకంగా సభ తీర్చి కూర్చుండుట ఆనాటికి చిన్న విషయం కాదు.

ఆ కాలమున నిజాం రాష్ట్రంలో మాధ్యమిక, ఉన్నత విద్యలకు ఉర్దూయే బోధనాభాష. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోను అదే భాష. ఇంటిలో అమ్మ పలికిన మాట బడి గడప వద్దనే నిలిచిపోయేది. సిరిసిల్ల ప్రాంతంలోని హనుమాజీపేటలో 1931లో జన్మించి, తరువాత తెలుగు కవిత్వానికి జ్ఞానపీఠ పురస్కారం తెచ్చిన సి. నారాయణరెడ్డిగారు సైతం ఉర్దూ మాధ్యమంలోనే చదువుకోవలసి వచ్చినది. బాలురకే ఇట్లుండగా బాలికల మాట చెప్పనక్కరలేదు. హైదరాబాదు నారాయణగూడలో హనుమంతరావుగారు తదితరుల కృషితో 1928లో వెలసిన ఆంధ్ర బాలికా పాఠశాల తెలుగులో చదువు చెప్పినది. ఆ కారణం చేతనే దానికి ఇక్కడ గుర్తింపు లభించలేదు. అందుచేత కర్వే మహాశయుడు 1916లో పుణేలో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలకు ఆ బాలికలు కూర్చుండేవారు. తల్లిభాషలో చదువుకొనడానికి పరాయి రాష్ట్రపు పరీక్ష వ్రాయవలసిన దుస్థితి అది. అటువంటి పాఠశాలలనుండి వెలువడిన యువతులే తెలంగాణలో తెలుగు చెప్పగల స్త్రీ ఉపాధ్యాయులకు తొలి తరమైనారు.

సంచీ, గొడుగు, హాజరుపట్టీ

1948లో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసినది; 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. బడులు తెలుగు మాట్లాడసాగినవి. 1959లో పంచాయతీరాజ్ వ్యవస్థ వచ్చి ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితుల చేతికి, ఉన్నత పాఠశాలలు జిల్లాపరిషత్తుల చేతికి వచ్చినవి. ఆనాడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడును కరీంనగరం జిల్లాలోనివే. 2016లో జగిత్యాల ఒక జిల్లాగా, రాజన్న సిరిసిల్ల మరొక జిల్లాగా ఏర్పడినవి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరినది. అంతవరకు ఈ ప్రాంతపు పంతులమ్మకు బదిలీ అనగా ఒకే జిల్లాలో ఒక మూలనుండి మరొక మూలకు పోవడమే. పటంలో చూచిన అది దగ్గరే. చంకలో పసిబిడ్డతో చూచిన అది దగ్గర కాదు.

బస్సు పోయినంతవరకు బస్సు, అటుపైన కాలినడక. వానకాలంలో వాగు పొంగిన ఆ పూట దారి లేదు. చేతిలో సంచీ, సంచీలో గొడుగు, సద్దిగిన్నె, దిద్దవలసిన పలకల లెక్క, హాజరుపట్టీ. చాలా గ్రామాలలో ఆమెయే ప్రధానోపాధ్యాయిని, ఆమెయే సహాయోపాధ్యాయిని, గంట కొట్టునదియు ఆమెయే. అయిదు తరగతులు ఒకే గదిలో కూర్చుండేవి. 1986 నాటి జాతీయ విద్యావిధానాన్ని అనుసరించి 1987లో ఆరంభమైన నల్లబల్ల పథకం ఏకోపాధ్యాయ పాఠశాలకు రెండవ ఉపాధ్యాయుని ఇవ్వవలెనని, వీలైనంతవరకు ఇద్దరిలో ఒకరు స్త్రీ కావలెనని నిర్దేశించినది. అప్పటికి తొలితరం ఉపాధ్యాయినులు ఒంటరిగా మూడు దశాబ్దాలు నెట్టుకొని వచ్చినారు.

ఈ తరానికి ప్రసూతి సెలవు మూడు నెలలకు మించి లేదు. నేడు ఆరు నెలలు కలదు. అంగన్‌వాడీలు అప్పుడు లేవు. సమగ్ర శిశు అభివృద్ధి పథకం దేశంలో కొన్ని బ్లాకులలో ప్రయోగంగా మొదలైనదే 1975లో. మూడు నెలలు నిండిన బిడ్డను ఇంటివద్ద వదలి బడికి పోవలెనంటే ఆ బిడ్డను ఎత్తుకునే రెండు చేతులు కావలెను. ఆ చేతులు సాధారణంగా అత్తగారివి, లేదా తల్లివి, వారిద్దరును లేనిచోట పొరుగింటి పెద్దమ్మవి. ఎనిమిదేండ్ల పెద్దకూతురివి కూడ కావచ్చును. ఇక్కడనే ఒక చేదు నిజమున్నది. పరుల ఆడపిల్లలను బడికి రప్పించడానికి ఇంటింటికీ తిరిగిన పంతులమ్మ, చంటివానికి జ్వరం వచ్చిననాడు తన ఆడపిల్లను బడి మాన్పించి ఊయల వద్ద కూర్చుండబెట్టవలసిన సందర్భాలు ఉండేవి. దానిని ఆమె ఎవ్వరితోను చెప్పుకొనలేదు. హాజరుపట్టీలో తన బిడ్డ పేరు ఎదుట గైర్హాజరు గుర్తు తన చేతితోనే పెట్టినది.

కన్నబిడ్డ నోట 'టీచర్'

బిడ్డకు అయిదేండ్లు నిండినవెంటనే వెంటబెట్టుకొని పోయేది. అప్పటినుండి మరొక కష్టం మొదలు. ఇంటిలో 'అమ్మా' అని పిలిచిన బిడ్డ బడిలో 'టీచర్' అని పిలువవలెను. అందరి ఎదుట అమ్మ అని నోరుజారినచో తరగతి అంతయు గొల్లున నవ్వేది. పక్షపాతమన్న మాట రాకూడదని తప్పు చేసినవారిలో మొదటి దెబ్బ తన బిడ్డకే వేసేది. ఎవరైనా ఒప్పచెప్పలేకపోతే మరొకమారు అవకాశమిచ్చేది. తన బిడ్డకు మాత్రం ఇచ్చేది కాదు. మధ్యాహ్నం సద్దిగిన్నె విప్పినప్పుడు, తెచ్చుకొనని పిల్లలు ప్రక్కన ఉంటే అందులోనుండి పంచేది. బడిలో వండిన మధ్యాహ్నభోజనం ఈ రాష్ట్రంలో 2003లో మొదలైనది. అంతకు పూర్వం పంతులమ్మ గిన్నెయే అనేక ఊళ్ళలో ఆకలికి ఆధారం. ఆ గిన్నెలో తగ్గిన ముద్ద ఎవరి వాటాలోనిదో ఆమె బిడ్డలకు తెలియును.

పెద్దవారైన తరువాత ఆ బిడ్డలలో కొందరు ఈ సంగతిని వేళాకోళంగా చెప్పుకుంటారు: ఊరందరికీ అమ్మ, మాకు మాత్రం టీచర్ అని. ఆ నవ్వు అడుగున చిన్న నొప్పి ఉండును. దానిని కాదనడం సంస్కారం కాదు. దానిని మోసినవారిని మెచ్చుకొనడమే సంస్కారం.

ఎదుట కూర్చున్న బిడ్డల తల్లులు

ఆమె ఎదుట నేలమీద కూర్చున్నవారు ఎవరి బిడ్డలు? ఈ మూడు పట్టణాల చుట్టును ఉన్న పల్లెలలో ఇంటింటా స్త్రీలు బీడీలు చుట్టి బ్రతికినారు. నేటికిని అనేకులు బ్రతుకుతున్నారు. తునికాకును తడిపి, కత్తెరతో కొలతకు కత్తిరించి, ఒడిలో చేట పెట్టుకొని తంబాకు నింపి, చుట్టి, దారం కట్టవలెను. కూలి వేయి బీడీల లెక్కన. ఆ వేయి నిండవలెనంటే పొద్దున్నే మొదలుపెట్టి దీపం పెట్టువరకు వంగి కూర్చుండవలెను. ఆడపిల్ల వ్రేళ్ళు సన్ననివి, చురుకైనవి. కనుక పదేండ్లు రాగానే ఆమె చేతికి కత్తెర వచ్చేది. పలక మూలకు చేరేది.

ఇట్టి ఇంటికి పంతులమ్మ వెళ్ళినప్పుడు పాఠం చెప్పినట్లు చెప్పిన ఎవరు విందురు? బిడ్డ బడికి వచ్చిన ఇన్ని వందల బీడీలు తగ్గును, ఆ కూలి ఎవరిత్తురు అని తల్లి అడిగేది. ఆ ప్రశ్న న్యాయమైనదే. జవాబు చెప్పవలసిన పంతులమ్మ తానును ఒక తల్లి. తానును ఇంటి ఖర్చులు లెక్కవేసుకునే మనిషి. ఆమె చేయగలిగినది చేసేది. బీడీ కార్మికుల సంక్షేమనిధికి 1976లో చట్టం వచ్చిన తరువాత, వారి బిడ్డలకు విద్యార్థివేతనాలు ఇచ్చే పద్ధతి ఏర్పడినది. ఆ దరఖాస్తులు నింపి, తల్లి చేత వ్రేలిముద్ర వేయించి, కొన్నిచోట్ల ఆ వ్రేలిముద్రను క్రమంగా సంతకంగా మార్చి పంపేది. ప్రగతిపత్రం మీద తండ్రి సంతకం బదులు తల్లి సంతకం వచ్చినరోజు ఆమెకు పండుగ.

తండ్రులు తరచుగా ఊరిలో ఉండేవారు కారు. సిరిసిల్ల నేతవారు పని వెతుకుకొంటూ భీవండికి, సోలాపురానికి, బొంబాయికి పోయినారు. 1970ల నుండి జగిత్యాల, కోరుట్ల పల్లెలవారు దుబాయికి, మస్కటుకు, సౌదీకి విమానమెక్కినారు. వారి జాబులు ఇంటికి వచ్చినప్పుడు చదవడానికి భార్యకు అక్షరాలు రావు. ఆమె జాబును కొంగున దాచుకొని సాయంత్రం పంతులమ్మ ఇంటికి వచ్చేది. అప్పుల మాటలు, అలకల మాటలు, ఎడబాటు మాటలు పంతులమ్మ నోటనే ఆమె వినేది. ఆమె జవాబు పంతులమ్మ చేతనే పోయేది. ఎందరి కాపురాల గుట్టో ఆ పంతులమ్మ గుండెలో దాగి, ఆమెతోనే కాలిపోయినది.

సిరిసిల్లలో మిగిలినవారు సాంచాలమీద బ్రతికినారు. 1990ల తరువాత పని కుంటుపడి, అప్పుల బాధకు నేతకార్మికులు ప్రాణాలు తీసుకున్న దుర్దినాలు ఆ ఊరు చూచినది. అటువంటి ఇంటి బిడ్డ కొన్నాళ్ళకు బడికి తిరిగివచ్చినప్పుడు హాజరు పిలిచే గొంతు వణకకూడదు. ఆ బిడ్డ పేరును మిగిలిన పేర్లవలెనే పలుకవలెను. ఏ శిక్షణ కళాశాలలోను నేర్పని పాఠమది.

జనాభా లెక్కలో లేనివారు

బడిపని ఒక్కటే కాదు. ఎన్నికలు వచ్చిన ఎన్నికల పని. పదేండ్లకొకమారు జనాభా లెక్కల పని. పెద్ద కాగితాల కట్ట పట్టుకొని ఆమె ఇంటింటికి తిరిగేది. చదువవచ్చునా, వ్రాయవచ్చునా అని అడిగేది. దేశంలో 1951లో నూటికి తొమ్మిదిమంది స్త్రీలకు కూడ అక్షరాలు రావు. ఆ లెక్క 8.86 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 1961లో అది సుమారు 12. 2011 నాటికి దేశంలో సుమారు 65కు పెరిగినది, తెలంగాణ ప్రాంతంలో సుమారు 58 వద్ద నిలిచినది. ఈ అంకెలు పెరగడంలో ఆమె చేయి ఉన్నది. వాటిని ఇంటింటా వ్రాసుకొన్న చేయియు ఆమెదే.

ఆ కాగితాలలోనే మరొక గడి ఉండేది: ఏమి పని చేయుదురు? ఇంటిపని మాత్రమే చేసే స్త్రీని పని చేయనివారి వరుసలో వ్రాయవలెనన్నది నియమం. ఆమె తన ఇంటి లెక్కను తీసుకున్నారని భావించండి. తన పేరు ఎదుట 'ఉపాధ్యాయిని' అని వ్రాయవచ్చును. ఊయల ఊపి, పాలు కాచి, బిడ్డకు వేడినీళ్ళు పోసి, తనను పొద్దున్నే బస్సుకు సాగనంపిన అత్తగారి పేరు ఎదుట ఏమి వ్రాయవలెను? పని లేదని. పొరుగింటి పెద్దమ్మ పేరు ఎదుటను పని లేదనియే. ఆ 'పని లేనివారు' లేనిచో ఒక్కనాడైనను బడి గంట మ్రోగి ఉండేది కాదు.

అందువలన ఆదర్శ ఉపాధ్యాయిని, ఆదర్శ మాత అన్న రెండు బిరుదుల నడుమ పలువురు స్త్రీలు నిలబడి ఉన్నారు. వారు చదువుకొనలేదు, కాని ఒక ఊరి చదువును మోసినారు. పంతులమ్మ ఊరి పిల్లలకు తల్లి కాగలిగినది, ఆమె పిల్లలకు మరెవరో తల్లులైనారు కనుక.

విశ్రాంతి

యాభైయెనిమిదేండ్లు నిండిననాడు శాలువ కప్పి, గోడగడియారమో వెండి కుంకుమభరిణెయో చేతికిచ్చి, సాగనంపేవారు. మరునాడు ఉదయం ఆమె అలవాటుగా నాలుగు గంటలకే లేచేది. పొయ్యి వెలిగించి, సద్ది కట్టవలసినవారెవరని తిరిగి చూచేది. బిడ్డలు అప్పటికి చదువులు ముగించి కరీంనగరంలోనో, హైదరాబాదులోనో, సముద్రాలకు ఆవలనో స్థిరపడినారు. వారిని అంతదూరం పంపిన చదువును ఇచ్చినది ఆమెయే. బిడ్డలకు చేయవలసిన ముద్దు మురిపెమును విశ్రాంతి వచ్చిన తరువాత చేయవచ్చునని దాచుకున్న తల్లికి, విశ్రాంతి వచ్చేసరికి బిడ్డలు చేరువలో లేరు. దసరాకు, బతుకమ్మకు వచ్చి పోతారు. ఏటికొకమారు ట్రెజరీకి పోయి తాను బ్రతికి ఉన్నట్లు ధ్రువపత్రం ఇచ్చి రావలసి ఉండేది. అక్కడ బల్ల వెనుక కూర్చున్న ఉద్యోగి ఒకప్పుడు ఆమె వద్ద గుణింతాలు దిద్దినవాడై, లేచి నిలబడి కుర్చీ వేసిన సంఘటనలు ఈ పట్టణాలలో అరుదు కావు. ఆ కుర్చీలో కూర్చున్న కొద్దిసేపు ఆమెకు జీతమంతయు ఒక్కమారు ముట్టినట్లే.

ఇట్టి ఉపాధ్యాయినులు నేటికిని మన నడుమ ఉన్నారు. తొలితరంవారు ఒక్కరొక్కరుగా రాలిపోతున్నారు. విద్యార్థులు ఏటా సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం జరుపుకుంటారు. 1962 నుండి అది ఆచారం. ఆ రోజు పూలమాల ఒక్కటి పట్టుకొని పోవడం కంటె ఒక నోటుపుస్తకం పట్టుకొని పోవడం మేలు. ఆమె ఎదుట కూర్చుండి మూడు ప్రశ్నలు అడుగవచ్చును: అమ్మా, మీరు బడికి వెళ్ళినప్పుడు మీ బిడ్డను ఎవరు ఎత్తుకున్నారు? ఇంటిలో పొయ్యి ఎవరు చూచినారు? మీరు వెళ్ళలేకపోయినందుకు నేటికిని బాధపడే రోజు ఏది? ఆమె మొదట నవ్వి మాట తప్పించును. కొంతసేపు ఆగిన చెప్పును. చెప్పినది చెప్పినట్లు వ్రాసిన, ఈ ప్రాంతపు విద్యాచరిత్రలో ఇంతవరకు ఖాళీగా ఉన్న పుట నిండును.

ఉపాధ్యాయులు చేయవలసినదియు ఒకటి కలదు. సంతాపసభలో మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆ రెండు బిరుదులను మానవలసిన పని లేదు; అవి ఆమెకు తగినవే. వాటి తరువాత ఆమె అత్తగారి పేరు, పొరుగింటి పెద్దమ్మ పేరు, బడి మాని తమ్ముని ఊయల ఊపిన పెద్దకూతురి పేరు కూడ పలుకవలెను. ముందువరుసలో కూర్చున్న ఆ కూతురు అప్పుడు తల యెత్తి చూచును.